ఆగి సాగిన గీత

గ్రాఫ్ కాగితం మీద ఒక గీత. ఎడమ అడుగున మొదలై కాసేపు నేలబారుగా పాకి, అక్కడి నుంచి నిటారుగా పైకి లేస్తుంది. ఎక్కుతూ ఎక్కుతూ ఉన్నట్టుండి ఆగుతుంది. తిరుమల మెట్లెక్కే మనిషి మోకాళ్ల పర్వతం ముందు చతికిలబడి ఊపిరి పీల్చుకున్నట్టు, ఎత్తు పెరగకుండా కొంతసేపు అడ్డంగా సాగుతుంది. తర్వాత మళ్లీ లేస్తుంది.

1940 ప్రాంతంలో, పారిస్‌లోని సోర్బన్‌లో, జాక్ మొనో అనే యువకుడి చేతిలో రూపుదిద్దుకున్న గీత అది. గాజు కుప్పెలో రెండు రకాల చక్కెర కలిపి, బ్యాక్టీరియాను వదిలి, అవి ఎంతెంత పెరుగుతున్నాయో కొలిచేవాడు. కొన్ని జతలతో పెరుగుదల ఒకే ఊపులో సాగిపోయింది. గ్లూకోజ్‌కు మరికొన్ని చక్కెరలు జత చేసినప్పుడు మాత్రం గీత రెండు మెట్లుగా విరిగింది. ముందు గ్లూకోజ్ అంతా అయిపోయేది. ఆ తర్వాత ఒక విరామం. ఆ తర్వాతే రెండో చక్కెర. గ్రీకు మాటలు కూర్చి మొనో దీనికి డయాక్సీ అని పేరు పెట్టాడు, జంట పెరుగుదల అని అర్థం. 1941లో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి ఈ గీతలే ప్రాణం.

నా కళ్లు ఎప్పుడూ ఆ రెండు మెట్ల నడుమ ఉన్న చదును దగ్గరే ఆగిపోతాయి. పాఠ్యపుస్తకాలు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. బయటి నుంచి చూస్తే అక్కడ ఏమీ జరగడం లేదు. గుంపు దాదాపు పెరగడం లేదు. కానీ సరిగ్గా ఆ వేళలోనే, మిల్లీమీటరు పొడవున ఐదు వందలు బారు తీరగలిగేంత చిన్న ప్రాణి, అంతవరకూ తెరవని పుటొకటి తెరిచి, అక్కడ రాసి ఉన్న పనిముట్లను తనే తయారు చేసుకుంటోంది. గ్లూకోజ్ ఉన్నన్నాళ్లూ వాటి జోలికి పోలేదు. అవసరం రాకముందు చేయలేదు, వచ్చాక ఆలస్యం చేయలేదు. ఈ వ్యాసమంతా ఆ ఆగడం మీద నాకున్న ప్రేమతో రాస్తున్నదే.

ఆ ప్రాణి పేరు ఇ. కోలై. 1885లో థియోడోర్ ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు పసికందుల మలంలో దాన్ని కనిపెట్టి లోకానికి చెప్పాడు. మనం పుట్టిన కొద్ది రోజుల్లోనే పేగుల్లోకి చేరి, మనతోపాటు కాపురం చేసే జాతి అది. దాని డీఎన్‌ఏలో 46 లక్షల పైచిలుకు అక్షర జతలు. ఆ దారాన్ని సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటుతుంది, అంటే తానుండే ఇంటికన్నా దాదాపు ఎనిమిది వందల రెట్లు పొడవు. అందులో సుమారు 4,300 జన్యువులు. ఎండ కాసిన రోజుకు కావలసినవి, ఇనుము దొరకని రోజుకు కావలసినవి, గాలాడని చోటికి కావలసినవి, విషం తగిలిన పూటకు కావలసినవి, అన్నీ అక్కడే రాసి ఉన్నాయి. ఏ రోజు విప్పి చూసినా వాటిలో పెద్ద భాగం మూసిన పుటలే.

ఎందుకు మూసి ఉంచాలి? ఖర్చు. ఆ ఖర్చు లెక్క చెప్పబోతే ఒక తెలుగువాడి పేరు తలవక తప్పదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ 1929లో కండరం నుంచి ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఆ పదార్థాన్నే పట్టుకున్నాడు. జీవకణం ఏ పని చేసినా చెల్లించే రొక్కం అదే. ప్రొటీన్ గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం చేర్చడానికి అలాంటి శక్తి బంధాలు నాలుగు తెగాలి: రెండు ఏటీపీ నుంచి, రెండు దాని తోబుట్టువు జీటీపీ నుంచి. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను చీల్చే బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్‌నే తీసుకోండి. దాని ఒక్క గొలుసులో 1,023 అమైనో ఆమ్లాలు. అలాంటి గొలుసులు నాలుగు కలిస్తేనే ఒక ఎంజైమ్ అణువు. కూర్చడానికే పదహారు వేల బంధాలు దాటుతాయి. పాలచుక్క లేని చోట అలాంటివి కొన్ని వేలు చేసి పెట్టుకున్న బ్యాక్టీరియా ఆ బరువుతో వెనకబడుతుంది. మంచి తిండి దొరికితే ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపయ్యే గుంపులో, కాస్త వెనకబడ్డ కణం జాడ కొద్ది రోజుల్లోనే మాసిపోతుంది. కాబట్టి ఆ ఎంజైమ్ గ్లూకోజ్ వేళల్లో ఉండకూడదు. లాక్టోజ్ వేళ ఉండి తీరాలి. మెదడు లేదు, కన్ను లేదు, నాలుక లేదు. మరి ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో ఒక యుద్ధం ఉంది. మొనో నాజీల ఆక్రమణను ఎదిరించే రహస్య దళాల్లో చేరాడు. ఫ్రాన్స్వా జకోబ్ అనే వైద్య విద్యార్థి 1940లో సముద్రం దాటి ఇంగ్లండ్ చేరి స్వేచ్ఛా ఫ్రెంచి సేనలో పనిచేశాడు. 1944 ఆగస్టులో నార్మండీలో బాంబు దెబ్బకు ఒళ్లు ఛిద్రమైంది. శస్త్రచికిత్స వైద్యుడు కావాలన్న కల అక్కడితో ఆగిపోయింది. ఆగిన ఆ బతుకు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ అటక మీద, ఆంద్రే ల్వోఫ్ ప్రయోగశాలలో మళ్లీ లేచింది. ఆ నడవాకు ఒక కొసన మొనో, లాక్టోజ్‌తో. మరో కొసన జకోబ్, బ్యాక్టీరియా లోపల ఏళ్ల తరబడి నిద్రపోయే వైరస్‌లతో. రెండూ సంబంధం లేని పనులనే అందరూ అనుకున్నారు. 1958 జులైలో ఒక సాయంత్రం భార్యతో సినిమాకు వెళ్లిన జకోబ్‌కు, తెర మీద బొమ్మ ఆడుతుండగా, ఆ రెండూ ఒకటేనని తట్టింది. నిద్రపోయే వైరస్‌నూ, మూతపడ్డ లాక్టోజ్ జన్యువునూ పట్టి ఉంచే చెయ్యి ఒకే రకమైనది. అది నేరుగా డీఎన్‌ఏ మీదే కూర్చుంటుంది.

అంతకుముందే ఆర్థర్ పార్డీతో కలిసి వాళ్లు చేసిన ప్రయోగంలో దీనికి సాక్ష్యం సిద్ధంగా ఉంది. లాక్టోజ్ జన్యువులు సరిగా లేని కణంలోకి, మరో కణం నుంచి ఆ జన్యువులు వచ్చి చేరేలా చేశారు. చేరిన కొద్ది నిమిషాలకే, ఎవరూ పిలవకుండానే ఎంజైమ్ తయారీ మొదలైంది. కొంతసేపు గడిచాక ఆగిపోయింది. అంటే జన్యువుకు సహజ స్థితి పలకడమే. కొత్త ఇంట్లో దాన్ని ఆపే పదార్థం పోగయ్యేదాకా అది పలుకుతూనే ఉంది. అంతవరకూ మొనో, లాక్టోజ్ వచ్చి జన్యువును తట్టి లేపుతుందని నమ్మేవాడు. నిజానికి లాక్టోజ్ చేసే పని వేరు. ఆపేదాన్ని అది పక్కకు తప్పిస్తుంది. కాదనేదాన్ని కాదనడం వల్ల పుట్టే అవును! మన భాషలో రెండు వ్యతిరేకాలు కలిసి ఎంత గట్టిగా ఒప్పుకుంటాయో తెలిసినవాళ్లకు ఇందులోని సొగసు చెప్పనక్కరలేదు: ఇవ్వకుండా ఉండలేడు, రాకుండా పోదు. 1961లో జకోబ్, మొనో ఈ ఆలోచననంతా ఒక వ్యాసంగా వెలువరించారు. ఒకే మీట కింద పక్కపక్కన అమరి కలిసి పలికే జన్యువుల వరసకు ఒపెరాన్ అన్న పేరు స్థిరపడింది. 1965లో ల్వోఫ్‌తో పాటు ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఆ ఆపే చెయ్యిని మొదట కళ్లకు కట్టినవాళ్లు వాల్టర్ గిల్బర్ట్, బెన్నో మ్యూలర్ హిల్. 1966లో దాన్ని వేరు చేసి, అది ప్రొటీనేనని చూపారు. దాని పేరు రిప్రెసర్. ఒక్కో కణంలో అలాంటివి పది, అటూ ఇటూ. లక్షల ప్రొటీన్ అణువులు కిక్కిరిసిన కణంలో పదంటే పది కాపలాదార్లు! 46 లక్షల అక్షరాల దారంలో తమకు చెందిన ఇరవై పైచిలుకు అక్షరాల చోటును అవి వెతికి పట్టుకుంటాయి. దారం మీదకు దిగి, కొంత దూరం జారి, వదిలి, మరోచోట దిగి, మళ్లీ జారి, ఆ చోటు తగలగానే నిలబడిపోతాయి. రెండు చేతులున్న ప్రొటీన్ కనుక ఒక చేత్తో ఒక చోటు, మరో చేత్తో కాస్త దూరాన ఉన్న ఇంకో చోటు పట్టుకుని దారాన్ని ఉంగరంలా వంచి ఉంచుతుంది.

అంత గట్టి కాపలాలోనూ ఒక సందు ఉంది. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించేది అదే. రిప్రెసర్ అప్పుడప్పుడూ పట్టు జారుతుంది. ఆ రెప్పపాటులో జన్యువు ఒక్కసారి పలుకుతుంది, నాలుగైదు ఎంజైమ్ అణువులు పుడతాయి, లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే ద్వారాలు ఒకటో రెండో గోడలో అమరుతాయి. లాక్టోజ్ లేని రోజుల్లో అదంతా చిల్లర నష్టం. కానీ ఏదో ఒకనాడు లాక్టోజ్ బయట వచ్చి నిలబడితే దాన్ని లోపలికి రానిచ్చేది ఆ ఒక్క ద్వారమే. లోపలికొచ్చిన లాక్టోజ్‌ను పట్టుకునేది ఆ నాలుగైదు ఎంజైమ్‌లే. అవి దాన్ని చీలుస్తూ చీలుస్తూ, కొంత భాగాన్ని కాస్త మెలి మార్చి అల్లోలాక్టోజ్ అనే చుట్టంగా మారుస్తాయి. ఆ చుట్టమే రిప్రెసర్‌కు అతుక్కుని దాని వేళ్లు సడలిస్తుంది. అప్పుడు ఉత్పత్తి దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది. పూర్తిగా బిగించిన తలుపైతే లాక్టోజ్ వచ్చిందన్న కబురు లోపలికి ఎప్పటికీ చేరేదే కాదు. ఇంటి దీపం మొత్తం ఆర్పేయకుండా ఒక వత్తిని సన్నగా వెలగనిచ్చినట్టు, ఆ కాస్త పట్టుజారుడును ప్రకృతి కోట్ల ఏళ్లుగా దిద్దకుండా ఉంచేసింది.

గ్లూకోజ్ సంగతి మిగిలింది కదా. అది లోపలికి వస్తున్నంతసేపూ, దాన్ని మోసుకొచ్చే యంత్రాంగంలోని ఒక ప్రొటీనే వెళ్లి లాక్టోజ్ ద్వారాన్ని అడ్డుకుంటుంది. గ్లూకోజ్ అడుగంటగానే ఆ అడ్డు తొలగుతుంది. దాంతోపాటు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అది ఏటీపీ మెలిక పడి గుండ్రంగా చుట్టుకున్న రూపమే. ఇది ఒక ప్రొటీన్‌ను వెంటబెట్టుకుని జన్యువు ముంగిట నిలబడి, జన్యువు ప్రతిని రాసే యంత్రమైన ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను రా రమ్మంటుంది. మనం పొద్దుటి నుంచి ఏమీ తినకుండా ఉంటే మన కాలేయ కణాల్లో పెరిగేదీ ఇదే అణువు. ఆకలి అన్న మాటను ఇ. కోలై, మనమూ ఒకే అక్షరంతో రాస్తున్నాం.

మొదటిసారి నేను ఈ జన్యువు పలకడాన్ని కంటితో చూసినది ఒక పెట్రీ పళ్లెంలో. ఎక్స్ గాల్ అనే రంగులేని పదార్థం కలిపిన జెల్లీ మీద రాత్రి బ్యాక్టీరియా రాసి, పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీశాను. జెల్లీ నిండా నీలి చుక్కలు, శంఖుపూల నీలం. ఆ ఎంజైమ్ పుట్టినచోటే ఆ నీలం పుడుతుంది. పక్కనే, ఆ జన్యువు పలకని కణాల గుంపులు మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి. మొనో తన గీతలో చూసినదాన్ని నేను రంగులో చూశాను. చాలాసేపు మూత పెట్టలేకపోయాను.

జన్యువు పలకడం అంటే ఏమిటో ఆస్కార్ మిల్లర్, ఆయన సహచరులు 1970లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన చిత్రాలు చూసినవాళ్లు మరచిపోలేరు. అడ్డంగా డీఎన్‌ఏ దారం. దాని మీద నుంచి వేలాడుతూ ఆర్‌ఎన్‌ఏ పోగులు, గుమ్మానికి కట్టిన తోరణంలా, ఒక్కొక్కటీ ముందుదానికన్నా పొడుగు. ప్రతి పోగు మీదా నల్లపూసల్లా, ప్రొటీన్ కూర్చే రైబోజోమ్‌లు. మన కణాల్లో డీఎన్‌ఏకు విడిగా ఒక గది ఉంది. అక్కడ రాసిన ప్రతి బయటికొచ్చాకే ప్రొటీన్ తయారీ మొదలవుతుంది. బ్యాక్టీరియాకు గదులు లేవు. ఒక పక్క పాలిమరేజ్ రాస్తూ ఉండగానే, సిరా ఆరకముందే, రాసినంత మేర రైబోజోమ్ చదివేస్తుంది. పాలిమరేజ్ సెకనుకు సుమారు 45 అక్షరాలు రాస్తుంటే, రైబోజోమ్ సెకనుకు సుమారు 15 అమైనో ఆమ్లాలు కూరుస్తుంది. మూడక్షరాలకు ఒక అమైనో ఆమ్లం. సరిగ్గా అడుగులో అడుగు. రాసిన ప్రతులు రెండు మూడు నిమిషాలకల్లా చిరిగిపోతాయి కూడా. ఈ మరుపు లేకపోతే ఏ నిర్ణయమూ మార్చుకోలేదు. నిన్నటి ఉత్తరం చేతిలో పట్టుకుని ఇవాళ్టి పని చేయబోతే బ్యాక్టీరియాకు కుదరదు.

ఈ అడుగులో అడుగు నుంచే, నాకు తెలిసిన యంత్రాంగాలన్నిటిలోకీ అందమైనది పుట్టింది. దాన్ని బయటపెట్టినవాడు స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన చార్లెస్ యనోఫ్‌స్కీ. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తయారు చేయడం ఇరవైలోకీ అతి ఖరీదైన పని. అది బయట దొరుకుతుంటే చేసుకోకూడదు, దొరక్కపోతే చేసుకోవాలి. ఐదు జన్యువుల వరస దానికోసం ఉంది. ఆ వరసకు ఒక రిప్రెసర్ ఉండనే ఉంది. కానీ అది చాలదన్నట్టు, అసలు జన్యువులకు ముందు ఒక చిన్న ఉపోద్ఘాతం రాసి ఉంది. పద్నాలుగు అమైనో ఆమ్లాల ముక్క. అందులో రెండు ట్రిప్టోఫాన్‌లు పక్కపక్కనే ఉన్నాయి, ఎంతో అరుదుగా వాడే ఆ అమైనో ఆమ్లం జంటగా.

ఇక చూడండి. పాలిమరేజ్ ఈ ఉపోద్ఘాతం రాసి, ఆ ఆర్‌ఎన్‌ఏ తన మీద తాను ముడి పడగానే, ఒక్క క్షణం ఆగుతుంది, వెనక రైబోజోమ్ వచ్చి కలిసేదాకా. ఇద్దరూ కలిసి బయల్దేరుతారు. రైబోజోమ్ ఆ జంట ట్రిప్టోఫాన్‌ల దగ్గరికి వస్తుంది. కణంలో ట్రిప్టోఫాన్ దండిగా ఉంటే చిటికెలో దాటేస్తుంది, దాటి ముందుకొచ్చి ఆర్‌ఎన్‌ఏలోని ఒక భాగాన్ని తన ఒంటితో కప్పేస్తుంది. దాంతో ఆ తర్వాతి రెండు భాగాలు ఒకదానికొకటి అల్లుకుని గట్టి ముడిగా బిగుస్తాయి. ఆ ముడి పడిందంటే పాలిమరేజ్ దారం వదిలి రాలిపోతుంది. ఐదు జన్యువులూ మూగబోతాయి. ట్రిప్టోఫాన్ కరువైతే? రైబోజోమ్ ఆ జంట దగ్గరే నిలబడిపోతుంది, సరుకు రాక. అది అక్కడ నిలబడ్డందువల్ల కప్పబడాల్సిన భాగం ఖాళీగా ఉంటుంది. అది పక్క భాగంతో జతకడుతుంది. ప్రాణాంతకమైన ముడికి జోడీ దొరకదు. పాలిమరేజ్ ముందుకు సాగిపోతుంది, ఐదు జన్యువులూ పలుకుతాయి.

కొరత ఉందో లేదో తెలుసుకోవడానికి, కొరత వస్తే తడబడాల్సిన మాటనే ముందుగా చదవబెట్టడం! వంటింట్లో ఉప్పుందో లేదో చూడటానికి డబ్బా వెతక్కుండా, ఉప్పు వేయాల్సిన మొదటి వంటకం పొయ్యి మీద పెట్టి చూసినట్టు. చదివితే వచ్చే ఆ పద్నాలుగింటి గొలుసు కోసం కాదు ఆ చదువు. చదవగలిగానా, తడబడ్డానా అన్నదే కబురు. హిస్టిడిన్ జన్యువుల ముందున్న ఉపోద్ఘాతంలోనైతే ఏడు హిస్టిడిన్‌లు వరసగా ఉన్నాయి. ఆ వరసను మొదటిసారి అక్షరాలుగా విప్పి చూసినవాళ్లకు ఒళ్లు పులకరించి ఉంటుందని నాకు నమ్మకం.

రైబోజోమ్ నిలబడిపోవడం ఇంకో పెద్ద కబురు కూడా మోస్తుంది. ఏ అమైనో ఆమ్లమైనా కరువై, దాన్ని మోసుకురావాల్సిన, సరుకు లేని ఖాళీ టీఆర్‌ఎన్‌ఏ వచ్చి రైబోజోమ్‌లో కూర్చుంటే, అక్కడ కాచుకుని ఉన్న రెల్‌ఏ అనే ప్రొటీన్ అది పసిగట్టి పీపీజీపీపీ అనే చిన్న అణువును కుప్పలుగా తయారు చేస్తుంది. 1969లో కాషెల్, గాలంట్ ఆకలిగొన్న కణాల రసాన్ని పరీక్ష కాగితం మీద పాకించినప్పుడు, ఎవరూ ఎదురుచూడని మచ్చలు తేలాయి. మాయ మచ్చలు అని వాటిని పిలుచుకున్నారు. ఆ మచ్చలే ఇవి. ఈ కబురు అందగానే కణం కొత్త రైబోజోమ్‌లు కట్టడం ఆపేస్తుంది. బాగా పెరుగుతున్న కణంలో రైబోజోమ్‌లు పదివేల లెక్కన ఉంటాయి, ఎండు బరువులో దాదాపు పావు వంతు అవే. కరువు రోజున ఇల్లు కట్టే పని నిలిపి, ఉన్న గింజలను ప్రాణం నిలుపుకోవడానికి మళ్లించే రైతు కుటుంబం నాకు గుర్తొస్తుంది.

వేడి సంగతి క్లుప్తంగా. వేడి పెరిగితే ప్రొటీన్‌లు మడతలు తప్పుతాయి, వాటిని చక్కదిద్దే సాయపు ప్రొటీన్‌లు కావాలి. వాటి జన్యువులను పిలిచే సిగ్మా 32 అనే ప్రొటీన్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ మామూలు వేళల్లో ముడుచుకుని, రైబోజోమ్‌ను దరిచేరనీయదు. వేడికి ఆ ముడత కరిగి విప్పుకుంటుంది. ఉష్ణమాపకం, మీట, ఉత్తరం, మూడూ ఒకే పోగు. విటమిన్ అణువును నేరుగా తన మడతలో పట్టి చూసుకుని, ఉందంటే పలుకు ఆపేసే ఆర్‌ఎన్‌ఏలు కూడా ఉన్నాయని 2002లో తేలింది. నడుమ ప్రొటీన్ దుబాసీ అక్కర్లేదు.

ఇప్పుడు సుబ్బారావు దగ్గరికి మళ్లీ వస్తాను. 1940ల్లో ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనను నడిపిస్తున్న రోజుల్లో, డెబ్బై దాటిన అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగర్, మిస్సోరీ పొలం మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు పదార్థాన్ని రాబట్టాడు. 1948లో అది ఆరియోమైసిన్ పేరుతో లోకానికి పరిచయమైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది పెద్దబిడ్డ. అది ఎలా పనిచేస్తుందో తర్వాత తెలిసింది: బ్యాక్టీరియా రైబోజోమ్‌లో, సరుకు మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ దిగాల్సిన చోటికి అడ్డుపడుతుంది. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ బృందం 2000లో ఆ అణువు రైబోజోమ్ చిన్న భాగంలో ఎక్కడ కూర్చుందో స్ఫటికంలో చూపించింది. రైబోజోమ్ నిర్మాణం విప్పినందుకు 2009లో ఆయనకు థామస్ స్టైట్జ్, ఆడా యోనత్‌లతో పాటు నోబెల్ దక్కింది. అంతవరకూ తాను తెలుసుకోవడానికి ఆగిన రైబోజోమ్, ఇక్కడ మనిషి ఆపితే ఆగింది. దాని వల్ల ఎన్ని ఇళ్లలో జ్వరాలు దిగాయో!

బ్యాక్టీరియా ఊరుకోలేదు. కొన్నిటి దగ్గర ఈ మందును బయటికి తోడిపోసే పంపు ఉంది. ఆ పంపు అవసరానికి మించి ఉంటే కణానికే హాని. అందుకే దాని జన్యువు మీద టెట్ఆర్ అనే రిప్రెసర్ గట్టిగా కూర్చుని ఉంటుంది. మందు అణువు లోపలికి రాగానే టెట్ఆర్‌ను పట్టుకుంటుంది, రైబోజోమ్‌ను పట్టుకునేదానికన్నా ఎన్నో రెట్లు గట్టిగా. అంటే ప్రొటీన్ తయారీ ఆగిపోయేంత మందు చేరకముందే, పంపు కట్టమన్న కబురు వెళ్లిపోతుంది. ఈ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేతులు మారుతుంది. మందు పనిచేయక మంచం పక్కన కూర్చున్న తల్లిని తలచుకుంటే దీన్ని పొగడటానికి నాకు గొంతు పెగలదు. అయినా ఆ ముందుచూపును చూసి తల వంచకుండా ఉండలేను. 1992లో హైడెల్‌బర్గ్‌లో గోసెన్, బుయార్డ్ ఈ టెట్ఆర్‌నే తీసుకుని క్షీరద కణాలకు మీటగా అమర్చారు. ఇవాళ ఎన్నో ప్రయోగశాలల్లో, ఎలుక తాగే నీళ్లలో కాస్త మందు కలిపి, దాని ఒంట్లో ఒక్క జన్యువును పలికిస్తున్నారు, ఆపుతున్నారు.

ఇంతా చెప్పి, పాల దగ్గరికే రావాలనిపిస్తోంది. మన చిన్నపేగు గోడలోనూ లాక్టోజ్‌ను చీల్చే ఎంజైమ్ ఉంది. చంటితనంలో అది నిండుగా ఉంటుంది. ఆ తర్వాత, దక్షిణాదిలో చాలామందికి, ఆ జన్యువు మెల్లగా గొంతు తగ్గిస్తుంది. పాలు పడవు అంటాం. అదే మనిషికి పెరుగు పడుతుంది, ఎందుకంటే తోడులోని బ్యాక్టీరియా రాత్రంతా కూర్చుని ఆ లాక్టోజ్‌లో కొంత తినేసి ఉంటాయి.

అలాంటి ఒకరు ఈ రాత్రి ఎవరో బతిమాలితే గ్లాసుడు పాలు తాగి పడుకున్నారనుకోండి. చిన్నపేగులో చీలని లాక్టోజ్ మెల్లగా పెద్దపేగులోకి దిగుతుంది. అక్కడ గ్లూకోజ్ కొరతే. చీకటి. కోట్ల కణాల నడుమ ఒక ఇ. కోలై. దాని గోడలో, ఎప్పుడో పట్టు జారిన క్షణాన అమరిన ఒక్క ద్వారం. లాక్టోజ్ అణువు ఒకటి ఆ ద్వారం దాటింది. నాలుగైదు ఎంజైమ్‌లలో ఒకటి దాన్ని పట్టి మెలి మార్చింది. దారం మీద కూర్చున్న రిప్రెసర్ వేళ్లు సడలాయి. పాలిమరేజ్ మొదటి అక్షరం రాసింది, వెనకాలే రైబోజోమ్ ఎక్కింది.

పైన మనిషి పక్కకు తిరిగి పడుకున్నాడు. పొట్టలో సన్నగా ఏదో గుడగుడ.